ఇల్లు చక్కబెట్టుకొనుట: ఉద్యోగ విరమణ సొమ్మును గూర్చి గృహస్థులకు ఒక పాఠము

చదువవలసిన భాగములు: యెషయా 38:1–5, సంఖ్యాకాండము 27:1–11, మార్కు 7:9–13, లూకా 12:13–21.



మరణమును గూర్చి మన సంఘములలో తరచుగా ప్రసంగములు వినుచున్నాము. పునరుత్థానమును గూర్చి ధైర్యముగా పాడుచున్నాము. అయితే ఇంటి యజమానుడు కన్నుమూసిన పిమ్మట అతడు కష్టపడి కూడబెట్టిన సొమ్ము ఎవరి చేతికి, ఏ విధముగా పోవునో మాటలాడవలసి వచ్చినప్పుడు మాత్రము జంకుచున్నాము. "అశుభము పలుకకుము" అని భార్య అనును. "ఇప్పుడే తొందర యేమి?" అని భర్త అనును. ఫారము బల్ల అరలో నుండిపోవును.

హిజ్కియా రాజు సంగతి జ్ఞాపకము చేసికొందము. రోగియైయున్న అతనియొద్దకు ప్రవక్త వచ్చి, నీ యింటి సంగతులు సరిచేసికొమ్మని చెప్పెను. ఆ మాట విన్నవాడు ఆ దినమే చనిపోలేదు. అతని ఆయుష్షునకు మరి పదునైదు సంవత్సరములు కలుపబడెను. ఇల్లు చక్కబెట్టుకొనుట మరణమును పిలుచుట కాదు. అది బ్రదికియున్నవాడు చేయవలసిన పని. చనిపోయినవాడు చేయలేని పని.

1. ఒక ఇంటిలో జరిగిన సంగతి

కొన్ని సంవత్సరముల క్రిందట మేమెరిగిన ఒక సహోదరుడు రోడ్డు ప్రమాదములో చనిపోయెను. అప్పటికి అతనికి ముప్పదియారు సంవత్సరములు. భార్య, తొమ్మిదేండ్ల కుమార్తె, అయిదేండ్ల కుమారుడు, విధవరాలైన తల్లి, అందరును ఒక్క ఇంటిలోనే యుండిరి. అతడు ఇరువది రెండవ యేట బియ్యపు మిల్లులో పనికి చేరినప్పుడు ప్రావిడెంటు ఫండు ఫారములో తల్లి పేరు నామినీగా వ్రాసెను. పెండ్లియైన తరువాత ఆ కాగితమును తిరిగి చూడలేదు. బ్యాంకులో మూడు లక్షల డిపాజిట్టు వేసినప్పుడు అన్నగారి పేరు నామినీగా వ్రాయించెను. వీలునామా లేదు.

సమాధి కార్యక్రమమైన నెల దినములకే చిక్కు మొదలాయెను. "నా బిడ్డ స్వహస్తముతో నా పేరు వ్రాసెను" అని తల్లి అనెను. "పిల్లలను పెంచవలసినది నేను గదా అత్తయ్యా" అని కోడలు అనెను. "తమ్ముడు నమ్మి నా పేరు వ్రాసెను, బ్యాంకు సొమ్ము నాదే" అని అన్న అనెను. వీరిలో ఎవరును దుర్మార్గులు కారు. ముగ్గురును తమ మాట న్యాయమే యనుకొనిరి. అయినను ఒకే కుండలో వండుకొని తిన్న అత్తాకోడండ్రు సంవత్సర కాలము మాటలాడుకొనలేదు. ప్రభువు బల్లయొద్దకు వేరు వేరు వరుసలలో వచ్చుచుండిరి.

తుదకు ఏమైనది? ఫండు నిబంధనల ప్రకారము పెండ్లికి ముందు వ్రాసిన నామినేషను పెండ్లితో చెల్లకుండ పోవును. చెల్లు నామినేషను లేనందున ఆ సొమ్ము కుటుంబములోని అర్హులకు సమభాగములుగా పంచబడెను: భార్యకు ఒకటి, ఇద్దరు పసివారికి రెండు, కుమారునిపై ఆధారపడియున్న తల్లికి ఒకటి. బ్యాంకు డిపాజిట్టు సంగతి వేరు. అన్న దానిని తీసికొనుటకు హక్కు గలవాడే గాని ఉంచుకొనుటకు హక్కు గలవాడు కాడు. క్రైస్తవులకు వర్తించు వారసత్వ చట్టము ప్రకారము భార్యకు ఒక లక్ష, పిల్లలకు చెరి యొక లక్ష చెందెను. తల్లికి అందులో ఒక్క రూపాయియు లేదు. పెద్దలు కూర్చుండి నచ్చజెప్పగా అన్న ఆరు నెలలకు ఆ సొమ్ము అప్పగించెను.

ఆ కోడలు అత్తను ఇంటనుండి పంపలేదు. నేటికిని తన బిడ్డలతోపాటు ఆమెకును అన్నము పెట్టుచున్నది. అందునుబట్టి దేవుని స్తుతించుచున్నాము. అయితే ఒక మాట మన మనస్సులో నాటవలెను. ఆ కుమారుడు తల్లిని ప్రేమించెను. అయినను బ్యాంకు సొమ్ము విషయములో ఆమెను కోడలి దయకు విడిచి వెళ్లెను. అరగంట పని చేసియుంటే అట్లు జరుగకపోయెడిది.

2. నామినీ వేరు, వారసుడు వేరు

మనలో అనేకులు ఈ రెంటిని ఒక్కటే యనుకొనుచున్నారు. అబ్రాహాము తన దాసుని దూరదేశమునకు పంపినప్పుడు యజమానుని శ్రేష్ఠ వస్తువులన్నియు ఆ దాసుని చేతిలో నుండెను. అయినను అవి అతనివి కావు. ఇస్సాకు నిమిత్తము అతడు వాటిని మోసికొని పోయెను. సాధారణముగా నామినీ స్థితి అట్టిదే. సొమ్ము చెల్లించు సంస్థ "ఎవరికి ఇయ్యవలెను?" అని తికమక పడకుండ ఒక చెయ్యి చూపుటయే నామినేషను. ఆ చేతిలో పడిన సొమ్ము తుదకు ఎవరిదో వారసత్వ చట్టమో వీలునామాయో చెప్పును.

సుప్రీంకోర్టు 1983లో జీవిత బీమా విషయములో ఈలాగే తీర్పు చెప్పెను. 2009లో ఒక ఉద్యోగి పెండ్లికి ముందు తల్లిని నామినీగా వ్రాసి మరణించిన వ్యాజ్యెములో, తల్లికిని భార్యకును చెరిసగము చెందునని తీర్పు వచ్చెను. వారు హిందూ వారసత్వ చట్టమునకు లోబడినవారు. 2023లో కంపెనీ షేర్ల విషయములో కూడ నామినేషను వారసత్వమును త్రోసివేయదని ఆ న్యాయస్థానము చెప్పెను.

ఒక ముఖ్యమైన మినహాయింపు గలదు. బీమా చట్టము 2015లో సవరింపబడిన తరువాత, పాలసీదారుడు తన తలిదండ్రులను గాని భార్యను లేక భర్తను గాని పిల్లలను గాని నామినీగా వ్రాసినయెడల, బీమా సొమ్ము వారికే స్వంతముగా చెందును. గనుక ప్రతి కాగితమునకు ఒకే నియమము అనుకొనరాదు.

3. చట్టము మన ఇంటిని ఏలాగు పంచును?

వీలునామా లేక మరణించిన క్రైస్తవుని ఆస్తికి 1925 నాటి భారత వారసత్వ చట్టము వర్తించును. దాని లెక్క క్లుప్తముగా ఇది:

భార్యయు పిల్లలును ఉన్నయెడల భార్యకు మూడవ వంతు, పిల్లలకు మిగిలిన రెండు వంతులు. కుమారులకును కుమార్తెలకును భేదము లేదు. పెండ్లియైన కుమార్తెకు కూడ సమభాగమే.

పిల్లలు లేక, దగ్గర బంధువులున్నయెడల భార్యకు సగము. తండ్రి బ్రదికియున్నయెడల మిగిలిన సగము తండ్రిది. తండ్రి లేనియెడల ఆ సగము తల్లికిని తోబుట్టువులకును సమముగా పోవును.

భార్య మరణించినప్పుడు భర్తకును ఇదే లెక్క.

కుమార్తెల హక్కు విషయములో మనము సంతోషింపవచ్చును. సెలోపెహాదు కుమార్తెలైదుగురు మోషే యెదుట నిలిచి, కుమారులు లేనంత మాత్రమున మా తండ్రి పేరు ఎందుకు పోవలెనని అడిగిరి. వారు అడిగినది న్యాయమని దేవుడు సెలవిచ్చెను. మన దినములలో కేరళలోని మేరీ రాయ్ గారు అట్టి ప్రశ్ననే అడుగగా, ఈ 1925 చట్టమే తిరువాన్కూరు ప్రాంతపు క్రైస్తవ స్త్రీలకును వర్తించునని 1986లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

అయితే తల్లి సంగతి చూడుడి. పిల్లలున్నవాడు చనిపోయినయెడల ఈ లెక్కలో తల్లికి గాని తండ్రికి గాని భాగము లేదు. మన ప్రభువు సిలువ మీద నుండియు తన తల్లిని ఒక శిష్యునికి అప్పగించెను. ఆమెను ఎవరు చూచుకొందురో తెలియకుండ విడువలేదు. వృద్ధులైన తలిదండ్రులు మనపై ఆధారపడియున్నయెడల, వారి పేరు మనమే వ్రాయవలెను. చట్టము వ్రాయదు.

4. ఏ నిధికి ఏ నియమము

ఉద్యోగుల ప్రావిడెంటు ఫండు 1952లో ఏర్పడినది. కుటుంబము గలవాడు కుటుంబములోని వారినే నామినీలుగా వ్రాయవలెను. బయటివారి పేరు చెల్లదు. భార్య లేక భర్త, పిల్లలు, ఆధారపడిన తలిదండ్రులు కుటుంబముగా ఎంచబడుదురు. స్త్రీ ఉద్యోగియైతే ఆమెపై ఆధారపడిన అత్తమామలును ఇందులో చేరుదురు. ఒక్కొక్కరికి ఎంత భాగమో వ్రాయవచ్చును. పెండ్లియైన వెంటనే క్రొత్త నామినేషను తప్పనిసరి. చెల్లు నామినేషను లేనప్పుడు కుటుంబమునకు సమభాగములు వచ్చును గాని, యుక్తవయస్సు వచ్చిన కుమారులకును, భర్త బ్రదికియున్న కుమార్తెలకును ఆ పంపకములో భాగము లేదు. ఇప్పుడు ఆధారు సహాయముతో ఇంటనుండియే నామినేషను దాఖలు చేయవచ్చును.

దానితో కూడియున్న పెన్షను పథకము 1995 నాటిది. ఇక్కడ నామినీ ఎవరైనను, కుటుంబమున్నంత కాలము పెన్షను నిబంధన ప్రకారము కుటుంబమునకే పోవును: భార్యకు ఆమె జీవితాంతము లేక పునర్వివాహము వరకు, పిల్లలకు ఇరువదియైదు సంవత్సరముల వరకు, ఒకేసారి ఇద్దరికి. ఉద్యోగములో నుండగా మరణించినవానికి 1976 నాటి డిపాజిట్టు అనుబంధ బీమా పథకము క్రింద మరికొంత సొమ్ము వచ్చును. దాని గరిష్ఠ పరిమితి 7 లక్షల రూపాయలు. దీనిని అడుగవలెనని తెలియక ఊరకున్న కుటుంబములను మేమెరుగుదుము. గ్రాట్యుటీకి అయిదేండ్ల సేవ కావలెనను నియమము ఉద్యోగి మరణించినప్పుడు లేదు.

పోస్టాఫీసులోను బ్యాంకులోను ఉండు పబ్లిక్ ప్రావిడెంటు ఫండు ఖాతాకు నలుగురి వరకు నామినీలను వ్రాయవచ్చును. ఖాతాదారుడు మరణించిన తరువాత నామినీ ఆ ఖాతాను కొనసాగింపలేడు. మూసి సొమ్ము తీసికొనవలెను.

జాతీయ పెన్షను పథకములో ముగ్గురి వరకు నామినీలు. వారి భాగములు కలిసి నూరు కావలెను. 2004 సెప్టెంబరు 1 నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగములో చేరిన మన ఉపాధ్యాయులనేకులు వంతు చెల్లింపు పెన్షను క్రింద ఈ విధానములోనే యున్నారు. ప్రభుత్వోద్యోగి కాని చందాదారుడు చనిపోయినయెడల కూడిన మొత్తమంతయు నామినీలకు చెందును. వారు కోరినయెడల దానితో పెన్షను కొనుక్కొనవచ్చును. ప్రభుత్వోద్యోగులకు నియమములు వేరు. తమ కార్యాలయములో అడిగి తెలిసికొనవలెను.

బ్యాంకు డిపాజిట్టులకు 2025 నవంబరు 1 నుండి నలుగురి వరకు నామినీలను వ్రాయవచ్చును. నలుగురికి ఒకేసారి భాగములుగా నైనను, ఒకరు లేనియెడల మరియొకరికని వరుసగా నైనను వ్రాయు వీలు గలదు.

చట్టములు మారుచుండునని మరువకుడి. సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. పాత పథకముల నియమములు దాని క్రింద తిరిగి వ్రాయబడవచ్చును. సంతకము చేయు దినమున ఉన్న నియమమునే అడిగి చేయుడి.

5. ఎవరికి అనుటతో చాలదు, ఏలాగు అనియు ఆలోచింపవలెను

తప్పిపోయిన కుమారుడు తన భాగమంతయు ఒక్కసారి చేతబట్టుకొని దూరదేశమునకు పోయెను. సొమ్ము తక్కువై అతడు చెడలేదు; ఒక్కసారిగా, సిద్ధపాటు లేక చేతికి వచ్చినందున చెడెను. గనుక సొమ్ము చేరు విధమును గూర్చి మూడు మార్గములు చూతము.

మొదటిది, ఒకే మొత్తము. రెండు ప్రావిడెంటు ఫండులును ఈ విధముగానే చెల్లించును. అప్పు తీర్చుటకు, ఇల్లు నిలుపుకొనుటకు ఇది మంచిది. అయితే విధవరాలి చేతికి పది లక్షలు వచ్చినవని తెలిసిన వారమునకే బంధువులు చేబదుళ్లకును, ఎరుగనివారు లాభముల ఆశ చూపుటకును వత్తురు. మొదటి ఆరు నెలలు ఆ సొమ్మును బ్యాంకు డిపాజిట్టులో నుంచి, ఎవరికిని మాట ఇయ్యకుండుట మేలని మేము ప్రతి యింటికి చెప్పుచున్నాము.

రెండవది, వాయిదాలు. జీవిత బీమా సంస్థ పాలసీలనేకములలో మరణానంతర సొమ్మును 5, 10 లేక 15 సంవత్సరముల వాయిదాలుగా చెల్లించునట్లు పాలసీదారుడే ముందుగా కోరుకొనవచ్చును. లెక్కలు చూచుకొనలేని వృద్ధురాలికి గాని, చదువులో నున్న బిడ్డలకు గాని ఇది దినాహారము వంటిది.

మూడవది, జీవితాంతపు పెన్షను. ఉద్యోగ విరమణ దినమున మనము సంతకము చేయు కాగితములలో ఇది మిక్కిలి బరువైనది. యజమానుడు బ్రదికినంత కాలమే వచ్చు పెన్షను ఒకటి. అతనితోనే అది సమాప్తము. అతని తరువాత అసలు మొత్తము నామినీకి తిరిగి వచ్చు విధము మరియొకటి. భర్త తరువాత భార్యకు కూడ ఆమె జీవితాంతము వచ్చు ఉమ్మడి పెన్షను ఇంకొకటి. ఉమ్మడి పెన్షనును అసలు తిరిగి వచ్చుటను కలిపిన విధము నాలుగవది. మొదటి దానిలో నెల సొమ్ము ఎక్కువ. మిగిలిన వాటిలో తక్కువ. ఆ ఎక్కువకు ఆశపడి మొదటి దానిని కోరుకొన్నవాని భార్య, అతని సమాధి దినము నుండి ఒక్క రూపాయి లేక నిలుచును. కొనిన పిమ్మట ఈ కోరికను మార్చుకొనుట సాధారణముగా వీలు కాదు. గనుక భర్త ఒంటరిగా ఆ సంతకము చేయరాదు. ఆ కాగితమును ఇంటికి తెచ్చి, భార్యను కూర్చుండబెట్టి, చదివి వినిపించి, ఆమె ఒప్పుకొనిన తరువాతనే సంతకము చేయవలెను.

పసివారి సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. వారసుడు బాలుడైయున్నంత కాలము, తండ్రి నిర్ణయించిన దినము వరకు సంరక్షకుల క్రింద ఉండునని పౌలు గలతీయులకు వ్రాసెను. మన ఫారములలో కూడ పసి నామినీ పేరు ప్రక్కన సంరక్షకుని పేరు వ్రాయుటకు గడి యున్నది. దానిని ఖాళీగా విడువకుడి. తలిదండ్రులిద్దరు ఒకేసారి పోయినయెడల ఎవరు చూచుకొందురో కూడ వీలునామాలో వ్రాయుడి. ఆ వ్యక్తిని ముందుగా అడిగి వ్రాయుడి. పదునెనిమిదవ యేటనే సొమ్మంతయు బిడ్డ చేతిలో పడుట మంచిది కాదని తోచినయెడల, ఫలాని వయస్సు వరకు ధర్మకర్త ఉంచి ఖర్చు పెట్టవలెనని వ్రాయవచ్చును.

6. వీలునామాను గూర్చి నాలుగు మాటలు

వీలునామాకు స్టాంపు కాగితము అవసరము లేదు. రిజిస్ట్రేషను మంచిదే గాని తప్పనిసరి కాదు. వ్రాసినవాని సంతకము, ఇద్దరు సాక్షుల సంతకములు కావలెను. ఆస్తి పొందువాడు గాని, వాని భార్య లేక భర్త గాని సాక్షి సంతకము చేయరాదు. చేసినయెడల అతనికి వ్రాసినది చెల్లదు. మరియు, పెండ్లికి ముందు వ్రాసిన క్రైస్తవుని వీలునామా పెండ్లితో రద్దగును. వీలునామాలోను నామినేషనులలోను ఒకే ఉద్దేశము కనబడునట్లు వ్రాసినయెడల తగవునకు సందు ఉండదు.

సంఘమునకు వ్రాయువారికి కూడ ఒక మాట. మత సంబంధమైన ధర్మములకు క్రైస్తవుడు వ్రాయు వీలునామాకు ఉండిన ప్రత్యేక నిర్బంధమును 2003లో సుప్రీంకోర్టు కొట్టివేసెను. ఇప్పుడు మనము స్వేచ్ఛగా వ్రాయవచ్చును. అయితే దేవునికి అర్పితము, కొర్బాను, అని చెప్పి తలిదండ్రులకు చేయవలసినది మానినవారిని మన ప్రభువు గద్దించెను. మందిరమునకు గోపురము కట్టించి తల్లిని పొరుగువారి అన్నమునకు విడుచుట అర్పణ కాదు. మొదట ఇంటివారు, తరువాత మిగిలిన దానిలో సంతోషముగా ఇచ్చునది.

7. ఈ నెలలో చేయవలసినది

ఒక ఆదివారము మధ్యాహ్నము భార్యాభర్తలు కూర్చుండి ఒక కాగితముపై మన ఖాతాలన్నియు వ్రాయవలెను: ఫండు, పెన్షను, బీమా, బ్యాంకు, పోస్టాఫీసు. ప్రతి దాని ప్రక్కన మూడు సంగతులు వ్రాయవలెను: నామినీ ఎవరు, భాగమెంత, సొమ్ము ఏలాగు చేరును. నామినీ పేరు ఆధారులో నున్నట్లే ఉన్నదా చూడవలెను. ఒక్క అక్షరము తేడా నెలల ఆలస్యమునకు కారణము కావచ్చును. ఆ కాగితము ఎక్కడ ఉన్నదో ఇంటిలో ఇద్దరికైనను తెలియవలెను. పెండ్లి, బిడ్డ పుట్టుట, ఒకరి మరణము సంభవించినప్పుడెల్ల దానిని తిరిగి చూడవలెను.

ఆలోచనకు ప్రశ్నలు:

(1) నా నామినేషను ఏ సంవత్సరములో వ్రాసితిని? అప్పటి నుండి నా ఇంటిలో ఏమి మారినది?

(2) నా తల్లికి, నా తండ్రికి నా తరువాత జీవనాధారము ఏది?

(3) నేను నామినీగా నున్న సొమ్ము నా చేతికి వచ్చినయెడల, అది ఎవరిదో నాకు తెలియునా?

(4) నా భార్యకు తెలియని ఖాతా నాకున్నదా? ఎందుకు?

నా సహోదరుడు ఆస్తిలో నాకు పాలు పెట్టునట్లు చెప్పుమని ఒకడు ప్రభువును అడిగినప్పుడు, తాను పంచిపెట్టువాడుగా నియమింపబడలేదని ఆయన చెప్పెను. తండ్రి బ్రదికియుండగా చేయవలసిన పంపకమును తరువాత ప్రభువు చేత చేయింపజూచుట మనకు తగదు. మనము చేయగల పనిని మనమే చేసి, చేయలేని దానిని ఆయనకు అప్పగింతము. బల్ల అర తెరచి ఆ ఫారమును బయటికి తీయుడి.